ఫ్రాంక్‌ఫర్ట్ మాట వినే గడియారం

మా ఇంట్లో గడియారాలు ఎప్పుడూ సరిగ్గా ఉండేవి కావు. ఉండకూడదని మా ఆవిడ పట్టుదల. వంటింటి గోడ మీద ఉన్నది కొంత ముందు నడిచేది. మైక్రోవేవ్ మీద అంకెలు ఇంకొంత ముందు ఉండేవి. మంచం పక్కన తను పెట్టుకునే చిన్న ముళ్ళ గడియారం అన్నిటికంటే ముందు. గడియారాన్ని ముందుకు తిప్పి పెట్టుకునే ఇళ్ళు మనవాళ్ళలో చాలానే ఉన్నాయి. అయితే అక్కడ ఎంత ముందో ఇంటిల్లిపాదికీ తెలుసు. చూడగానే పది నిమిషాలు తీసేసి మళ్ళీ తాపీగా కాఫీ తాగుతారు. మా ఆవిడ ఆ లొసుగు పూడ్చింది. ఎంత ముందు పెట్టిందో ఎవరికీ చెప్పేది కాదు.

"చెబితే ఇంకెందుకండీ పెట్టడం? లెక్కేసుకుని పడుకుంటారు," అనేది.

నేనూ మా అమ్మాయీ ఫోనుతో పోల్చి అప్పుడప్పుడూ పట్టుకునేవాళ్ళం. పట్టుకున్నామని మా ముఖాలు చూసి గ్రహించి మళ్ళీ తిప్పేది. ఫోన్లను మాత్రం పడకగదిలోకి రానిచ్చేది కాదు. ఆమె పిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేసేది. పొద్దున్నే తలుపు తీసే తాళాలు ఆమె దగ్గరే ఉండేవి. చలికాలం చీకట్లో పసిపిల్లల్ని ఎత్తుకుని తల్లులు బయట నిలబడి ఉంటారనీ, వాళ్ళకి ఆఫీసులు ఉంటాయనీ, తను ఒక్క నిమిషం ఆలస్యమైతే పది ఇళ్ళు ఆలస్యమవుతాయనీ చెప్పేది. ఈ దూరదేశంలో, మా ఇంటి దగ్గరి స్కోఫీల్డ్స్ స్టేషన్లో నేను ఇన్నేళ్ళుగా ఆఫీసుకు వెళ్ళే పరమట్టా రైలు తప్పిపోకుండా ఎక్కానంటే అది ఆ అబద్ధపు గడియారాల చలవే.

ఆమె పోయాక నేను కోరుకున్నది ఒక్కటే. ఇల్లు ఆమె ఎలా ఉంచిందో అలా కొన్నాళ్ళు ఉండాలి. పూజలూ పటాలూ కాదు. ఫోనులోకి ఓదార్పుగా రోజూ వచ్చే గులాబీల బొమ్మలు, ప్రమిదలు, కింద నాలుగు పంక్తుల కవిత్వం, వాటిని తెరవడం మానేశాను. కాలమే అన్నిటినీ మాన్పుతుందని ప్రతివారూ చెప్పారు. కాలానికి ఆ పని ఎవరు అప్పజెప్పారో నాకు తెలియదు. నేను అడిగింది కాలాన్ని కాదు. ఆమె తిప్పి వదిలిన ముళ్ళు ఆమె తిప్పినట్టే తిరగాలని, అంతే. ఈ మాట ఎవరికైనా పైకి చెబితే పిచ్చివాడి కోరికలా వినిపిస్తుంది కాబట్టి చెప్పలేదు.

ఆమె తమ్ముడు జర్మనీ నుంచి బయలుదేరాడు. ఒక విమానం రద్దయింది, రెండోది ఆలస్యమైంది, దహనం అయిన మర్నాడు చేరాడు. ఇంజనీరు. చాలా ఏళ్ళుగా అక్కడే ఉంటున్నాడు. వస్తూ ఒక పెట్టె తెచ్చాడు. అక్కకి ఇద్దామని ఎప్పుడో కొని ఉంచాడట.

"అక్కకి టైమంటే ప్రాణం కదా బావా. అందుకని తీసుకున్నా," అన్నాడు.

మంచం పక్కన పెట్టుకునే అలారం గడియారం అది. రేడియో గడియారం అంటే నేను పాటలు వినిపించేదనుకున్నాను. ఇది వేరు. లోపల చిన్న రేడియో ఉంటుంది. అది ఎక్కడో ఉన్న ఒక ప్రసార స్తంభం పంపే సమయాన్ని రోజూ రాత్రి విని తనను తాను సరిదిద్దుకుంటుంది. ఆ స్తంభానికి అణుగడియారం సమయం అందిస్తుంది.

"నువ్వు తిప్పక్కర్లేదు, చూడక్కర్లేదు. జన్మలో సెకను తేడా రాదు," అని చెప్పాడు.

గడియారం పెట్టెలోనే ఉంది.

తర్వాత కొన్ని రోజులకు అస్థికలు తీసుకువెళ్ళమని దహనశాల నుంచి కబురొచ్చింది. నేనూ మా అమ్మాయీ వెళ్ళాం. ఫొటో ముందు పెట్టిన దీపం కొండెక్కకుండా ఇంట్లో ఒకరు ఉండాలి కాబట్టి బావమరిది ఆగాడు. మేము తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అస్థికలు ఇంట్లోకి తేకూడదన్నారు. గ్యారేజీలో అల్మారా మీద, పెయింటు డబ్బాలు పక్కకి జరిపి, ఆ సంచీని పెట్టి లోపలికి వచ్చాను.

గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "ఏంటి బావా, ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా లేదు! అక్క ఇంట్లో ఇలాగా? అన్నీ సెట్ చేసేశా. రా, చూపిస్తా."

చెయ్యి పట్టుకుని గది గదికీ తిప్పాడు. వంటింటి గడియారం, మైక్రోవేవ్, ఒవెన్, హాల్లోది. అన్నీ ఒకే అంకె చూపిస్తున్నాయి. కారులోది కూడా సాయంత్రం చూస్తానన్నాడు. పడకగదిలో ఆమె వైపు బల్ల మీద కొత్త గడియారం నిలబడి ఉంది. దాని పక్కన ఆమె ముళ్ళ గడియారం వెల్లకిలా పడి ఉంది, వెనక మూత తీసి. దాంట్లో బ్యాటరీ తీసి దీంట్లో వేశాడు. డ్రాయరు నిండా కొత్త బ్యాటరీలు ఉన్నాయి. అడిగితే ఇచ్చేవాణ్ణి.

నేను "సరే" అన్నాను. మా అమ్మాయి మాత్రం ఆ పాత గడియారాన్ని తీసి, మూత పెట్టి, తన గదిలోకి పట్టుకుపోయింది.

ఇంత చేశాక ఆ కొత్త గడియారమైనా సమయం చెప్పిందా అంటే అదీ లేదు. బ్యాటరీ వేయగానే సున్నా నుంచి మొదలైంది. తెర మూల ఒక చిన్న స్తంభం బొమ్మ మినుకుమినుకుమంటోంది. సంకేతం కోసం వెతుకుతోందని అర్థమట. అతను దాన్ని కిటికీ గట్టు మీద పెట్టాడు. ఇస్త్రీ బల్ల మీద పెట్టాడు. పెరట్లోకి తీసుకుపోయి బార్బెక్యూ పొయ్యి మూత మీద, వాయవ్యానికి తిప్పి పెట్టాడు. ఇంట్లో ఉన్న యంత్రాలు అడ్డుపడుతున్నాయని టీవీ ఆపాడు, ఏసీ ఆపాడు, వైఫై పెట్టె కూడా పీకాడు.

"మామయ్యా! మై అసైన్‌మెంట్ వాజ్ అప్‌లోడింగ్!" అని మా అమ్మాయి గదిలోంచి అరిచింది.

"ఐదు నిమిషాలే తల్లీ. సిగ్నల్ పట్టుకోగానే ఇచ్చేస్తా."

"ఇట్ వోంట్ వర్క్ హియర్, మామయ్యా. రేంజ్ ఉండదు."

"అణుగడియారానికి రేంజేంటమ్మా?"

ఆ పిల్ల ఇక్కడే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది, కోపం వస్తే ఒక్కో తెలుగు మాట దొర్లుతుంది. నాకేసి చూసి భుజాలెగరేసి వెళ్ళిపోయింది.

పోనీ చేత్తో పెట్టుకుందామంటే అతను ఒప్పుకోలేదు. "చేత్తో పెడితే దీనికీ మామూలు గడియారానికీ తేడా ఏంటి బావా? ముట్టుకోకు. అదే పట్టుకుంటుంది." ఆ మాట మీద ఆ గడియారం మా పడకగదిలో ఎవరిదీ కాని సమయం చూపిస్తూ నడిచింది. అలారం మాత్రం ఉదయం ఆరు గంటలకి పెట్టాడు.

దాని లెక్కలో ఉదయం ఆరు మాకు సాయంత్రం అయింది. హాల్లో పరామర్శకు వచ్చినవాళ్ళు కూర్చుని ఉన్నారు, మా వీధి చివరి ఇంటి ఆంటీ అంకుల్, ఇంకా ఇద్దరు ముగ్గురు. ఒక పెద్దాయన తన అన్నగారు ఎంత సునాయాసంగా పోయారో చెబుతున్నాడు. లోపలి నుంచి కీచుమని మోత. ఆగదు. క్షణక్షణానికీ పెరుగుతుంది.

"ఎవరిదండీ ఫోను?" అంది ఆంటీ.

"ఫోను కాదే, స్మోక్ అలారం. దీపం పొగకి," అన్నాడు అంకుల్, లేచి నిలబడి పైకప్పు చూస్తూ.

"పొగ వస్తే అది ఇలా అరవదండీ. మనింట్లో మీరు పోపు వేసినప్పుడల్లా వింటున్నాంగా."

బావమరిది పరుగెత్తి వెళ్ళి నొక్కి వచ్చాడు. "టెస్టింగులో ఉంది అంకుల్. సిగ్నల్ ఇంకా పట్టుకోలేదు," అన్నాడు. పోయిన మనిషి ఇంట్లో ఏ సిగ్నల్ గురించి మాట్లాడుతున్నాడో వాళ్ళకి తెలియలేదు. పెద్దాయన గౌరవంగా తల ఊపాడు. ఆ తర్వాత అది రోజూ సాయంత్రం మోగింది. ఎలా ఆపాలో నాకు చూపించమంటే, ఆపితే సిగ్నల్ వెతకడం కూడా ఆగిపోతుందేమోనన్నాడు.

కర్మలన్నీ అయ్యాక అతను వెళ్ళిపోయాడు. విమానాశ్రయంలో లోపలికి వెళ్ళేముందు నన్ను కావలించుకుని అన్న చివరి మాట ఇది: "ఓపిక పట్టు బావా. మబ్బు లేని రోజున పట్టుకుంటుంది."

ఇంటికి వచ్చి ఆ గడియారంతో వచ్చిన కాగితం మడత విప్పాను. జర్మన్, ఫ్రెంచి, డచ్చి, ఇటాలియన్. ఇంగ్లీషు లేదు. చదవడం నాకు చేతనైన పని. జీవితంలో ఏ కష్టమొచ్చినా దాని గురించి ఎవరో ఒకరు రాసింది వెతికి చదివాను. మా ఆవిడ జబ్బు గురించి కూడా డాక్టర్లు విసుక్కునేంత చదివాను. మూడు మడతల కాగితం నాకొక లెక్క కాదనుకున్నాను. ఫోను కెమెరాతో అనువాదం చేస్తే "మీ ఆనందపు అల కోసం స్తంభమును గౌరవించుము" లాంటి వాక్యాలు వచ్చాయి. మా అమ్మాయి వచ్చి భుజం మీంచి తొంగి చూసింది.

"నాన్నా, ఇట్ లిటరల్లీ సేస్ ఫ్రాంక్‌ఫర్ట్. చూడు, మ్యాప్ కూడా ఉంది."

ఉంది. ఐరోపా పటం, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఒక చుక్క, దాని చుట్టూ ఒక వలయం. వలయం బయట సముద్రం. సముద్రం తర్వాత కాగితం అయిపోయింది. మేమున్న చోటు ఆ పటంలో లేనే లేదు. మన దేశమూ లేదు. ఈ దేశంలోనూ అలాంటి ప్రసారం ఒకటి ఒకప్పుడు ఉండేదట, అక్కర్లేదని ఎప్పుడో ఆపేశారట. అదీ వెతికి చదివాను.

అప్పుడు నాకు వచ్చినంత కోపం ఆసుపత్రిలో కూడా రాలేదు. ఒక ఊళ్ళో పాతిన స్తంభం చెప్పిందే సరైన సమయమట. అది వినిపించనంత దూరంలో ఉన్న ఇంట్లోకి ఆ గడియారాన్ని తెచ్చి, దాని మీద నమ్మకంతో, మనిషి చేత్తో తిప్పిన గడియారాలన్నిటినీ తప్పని కొట్టేయడం! ఆమె గడియారాలు చెప్పేది అబద్ధమే. ఆ అబద్ధంతో ఎంతమంది తల్లులు పనికి వేళకి వెళ్ళారు! ఈ నిజంతో ఒక్క మనిషి నిద్ర లేచాడా? బాగుచేయడం అనే పిచ్చి ఒకటి ఉంటుంది మనవాళ్ళలో, చావు ఇంట్లో మరీ ఎక్కువ. ఒకరు ఫ్రిజ్ ఖాళీ చేస్తారు. ఒకరు ఆమె చెప్పులు ఎక్కడ పారేయాలో చెబుతారు. ఆ ఇల్లు అలా ఉండటానికి ఒక కారణం ఉందేమోనని ఒక్కరూ అడగరు.

బ్యాటరీ పీకేద్దామని దాన్ని చేతిలోకి తీసుకున్నాను. మా అమ్మాయి ఆపింది.

"వెయిట్ నాన్నా. అమ్మ క్లాక్ ఆగినప్పుడేగా ఇది స్టార్ట్ అయింది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాను. ఆమె గడియారంలో బ్యాటరీ తీసి దీంట్లో వేశాడు. ఇది ఆ క్షణం నుంచి సున్నాతో మొదలై, ఎవరి మాటా వినకుండా, ఎవరూ ముట్టుకోకుండా నడుస్తోంది. అంటే దీన్ని ఫోనుతో పోలిస్తే ఆమె గడియారం నిజంగా ఎప్పుడు ఆగిందో తెలుస్తుంది. ముళ్ళు ఎక్కడ ఆగాయో చూడటానికి ఆ గడియారం మా అమ్మాయి గదిలో ఉంది. రెంటికీ తేడా చూస్తే ఆమె ఎంత ముందు పెట్టిందో తేలుతుంది. ఆ ఒక్క గడియారం వరకైనా ఆమె పెట్టినట్టు మళ్ళీ పెట్టవచ్చు.

మా అమ్మాయి గడియారం తెచ్చింది. ఇద్దరం మంచం మీద కూర్చుని లెక్క వేశాం. ఆమె గడియారం ముళ్ళు పదకొండు దగ్గర ఆగి ఉన్నాయి. కొత్తది మొదలైంది పదకొండున్నర దాటాక. మళ్ళీ వేశాం. అంతే వచ్చింది. ఆ లెక్క నిజమైతే ఆమె గడియారం అరగంట పైగా వెనక నడిచినట్టు. ఆమె చేతిలో పడిన ఏ గడియారమూ వెనక నడవలేదు.

ఫోను తీసి బావమరిదికి చేశాను. అక్కడ పొద్దున్న. ఆఫీసుకు బయలుదేరుతున్నాడు.

"బావా! పట్టుకుందా?"

"పట్టుకోదయ్యా. ఆ స్తంభం మీ ఊళ్ళ పక్కనే ఉందట. వేరే ఖండానికి వినపడదట. నువ్వు తెచ్చిన కాగితంలోనే బొమ్మ వేసి ఉంది."

"అవునా? అరె." నవ్వబోయి ఆగాడు. "అయితే చేత్తోనే పెట్టేసుకో బావా."

"అది తర్వాత. ముందు ఇది చెప్పు. అక్క గడియారంలో బ్యాటరీ తీశావు చూడు, తీసిన వెంటనే కొత్తదాంట్లో వేశావా?"

"వెంటనే... అంటే, తీశా. ఈలోగా బెల్లు కొట్టారు. ఆ చివరింటి ఆంటీ. పులిహోర తెచ్చారు. కూర్చోమన్నా. ఇద్దరం అక్క గురించే మాట్లాడుకున్నాం. ఆవిడ వెళ్ళాక వేసుంటా. ఏం?"

"ఎంతసేపు కూర్చుందావిడ?"

"ఎవరు చూశారు బావా? ఏమైంది అసలు?"

చెప్పాను. ఎప్పుడూ గొంతు పెంచని వాణ్ణి, పెంచి చెప్పాను. అవి తప్పుగా నడిచినవి కావని, మీ అక్క ముందుకు తిప్పి పెట్టినవని, ఎంత తిప్పిందో కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదని, ఇప్పుడు అది ఇంక ఎవరికీ తెలియదని. "మార్చేముందు అవి ఎంత చూపిస్తున్నాయో చూసినవాడివి నువ్వొక్కడివే. వంటింట్లోది ఎంత ముందు ఉంది? అదైనా చెప్పు."

"ఏడెనిమిది నిమిషాలు ఉండొచ్చు బావా," అన్నాడు.

"చూశావా, నా కోసం అల్లుతున్నావా?"

"...ఫోను చూసి తిప్పేశా. గడియారం కేసి చూడలేదు."

"మా ఇంట్లో ఇంక దేన్నీ బాగుచేయకయ్యా. నీకు దణ్ణం పెడతాను."

"సరే. నేనొచ్చేసరికి అన్నీ అయిపోయాయి బావా. మొహం కూడా చూడలేదు. దీపం చూస్తూ ఒక్కణ్ణీ కూర్చోమన్నారు. ఏదో ఒకటి చేతులతో చెయ్యకపోతే ఉండలేకపోయా. అక్కకి పనికొచ్చే పని అనుకున్నా."

అది అబద్ధం కాదని తెలుసు. దానితో నా కోపం పోయిందని చెబితే అది అబద్ధమవుతుంది. ఆ గడియారాలు నావీ కావు, అతనివీ కావు. వాటి మీద నిర్ణయం ఆమెది, దాన్ని అతను అడగకుండా చెరిపేశాడు. దుఃఖంలో చేసినంత మాత్రాన చెరిపింది చెరపనట్టు అయిపోదు. ఆ మాట కూడా అతనితో అన్నాను. అతను కాదనలేదు.

ఇద్దరమూ ఫోను పెట్టేయలేదు. "ఆ కాగితం నీ దగ్గర ఉందా?" అని అడిగాను. అదే గడియారం తన దగ్గరా ఉందన్నాడు, వెతికి తీశాడు. ఆఫీసుకి ఆలస్యమవుతుందని అనలేదు. జర్మన్‌లో ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. ముందు స్తంభం బొమ్మ పోయేదాకా వెనక మీట నొక్కి పట్టుకోవాలి, అప్పుడది వెతకడం మానేస్తుంది. పట్టుకున్నాను. బొమ్మ పోయింది. తర్వాత సంవత్సరం. తర్వాత నెల, తేదీ. మా అమ్మాయి దాన్ని వెలుతురుకి తిప్పి పట్టుకుంది, నేను నొక్కాను. తర్వాత గంట.

"ఇప్పుడు నిమిషాలు మెరుస్తాయి బావా," అన్నాడు. "అక్కడ... నీ ఇష్టం."

నిమిషాలు మెరుస్తున్నాయి. నాకు తోచినంత నొక్కాను. అది ఆమె లెక్క కాదు, కాదని ముగ్గురికీ తెలుసు. ఎంత పెట్టావని అతను అడగలేదు. కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత అలారం ఎలా పెట్టాలో చదవడం మొదలుపెట్టాడు.